తొమ్మిది రోజుల మౌనం వెంట వైశాలికి

దేశాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకున్నాయి, ఎక్కడ తగ్గాయి, ఎక్కడ బిగుసుకున్నాయి అన్నది పద్దెనిమిదేళ్లుగా అనంతపురంలో ఎం.ఏ. పిల్లలకు పాఠం చెబుతున్నాను. దీన్ని దౌత్య చరిత్ర అంటారు. ఇంట్లో మాత్రం పైవాటా వాళ్లతో నీళ్ల మోటారు ఎవరు ఎప్పుడు వేయాలన్న విషయంలో ఇప్పటిదాకా ఏ ఒప్పందమూ కుదరలేదు. మా ఆయన ఈ సంగతి బంధువులకు చెప్పి నవ్విస్తుంటాడు.

ఈ జనవరిలో ఆరు రోజులు ఢిల్లీలో ఉండొచ్చాను. ఎర్రకోట, కుతుబ్ మీనార్ కోసం దీన్ని చదవబోయేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను రెండూ చూడలేదు. నేను చూసినవల్లా ఒక పాత ఫైలు, ఒక కాలేజీ హాలు, వైశాలిలో ఒక మూడో అంతస్తు ఇల్లు.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. డెబ్బైల దశకంలో మన దేశానికీ, పొరుగునున్న ఒక చిన్న దేశానికీ సరిహద్దు వ్యాపారం మీద చర్చలు జరిగాయి. ఏ దేశమో, ఏ ఊరో రాయను. రాయనని మాట ఇచ్చాను. చర్చల మధ్యలో అవతలివాళ్లు చాలా కటువుగా ఒక లేఖ పంపారు. మనవాళ్లు తొమ్మిది రోజుల పాటు జవాబివ్వలేదు. తొమ్మిదో రోజు ఎంతో మర్యాదగా, చల్లగా ఒక జవాబిచ్చారు. ఆ మధ్యలో అవతలివాళ్లే మెత్తబడ్డారు, ఒప్పందం కుదిరింది. ఆ రెండు లేఖలూ అచ్చయ్యాయి, నేను చదివాను. మధ్యలో ఏం జరిగిందన్నది ఎక్కడా లేదు. అది నేనే రాశాను. మనవాళ్లు కావాలనే మాట్లాడకుండా కూర్చున్నారనీ, అంత గొప్ప ఎత్తుగడ మన దౌత్యంలో అరుదనీ నా సిద్ధాంతం. దాని మీద మూడు వ్యాసాలు రాశాను, ఒక పుస్తకం రాసి అచ్చుకిచ్చాను. ఆ పుస్తకం చూపించి ప్రొఫెసర్ అవుదామని ఆశ. పిల్లలు నన్ను వెనకాల ‘తొమ్మిది రోజుల మేడం’ అంటారని తెలుసు. తెలిసి లోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఇప్పుడు ఢిల్లీ వెళ్లింది రెండు పనుల మీద. ఒకటి, ఆ చర్చల అసలు ఫైలు దొరుకుతుందేమో ఆఖరిసారి వెతకడం. రెండు, ధౌలా కువాన్ దగ్గర ఒక కాలేజీలో తెలుగు విద్యార్థులు పెట్టుకున్న సభలో మాట్లాడటం.

యమునా బ్యాంక్‌లో చీలిన దారి

నా పాత విద్యార్థిని మాధవి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. భర్తతో, కూతురితో వైశాలిలో ఉంటుంది. వైశాలి అంటే ఘాజియాబాద్ కిందికి వస్తుంది, ఢిల్లీ గోడకు ఆనుకుని ఉంటుంది. “స్టేషన్‌కొస్తా మేడం” అంది. “నాకు దేశాల సరిహద్దులే తెలుసు, మెట్రో తెలీదా” అన్నాను.

నీలం లైను మెట్రో యమునా బ్యాంక్ స్టేషన్ దగ్గర రెండుగా చీలుతుంది. ఒక బండి వైశాలికి, ఇంకొకటి నోయిడాకు. ఈ ముక్క పలకల మీద రెండు భాషల్లో రాసి ఉంది. నేను ఆడవాళ్ల పెట్టెలో కూర్చుని పలకలు చూడలేదు, పక్కావిడను చూశాను. ఆవిడ ఒళ్లో సంచీ పరచుకుని పచ్చి బఠానీలు ఒలుస్తోంది. కదిలే రైల్లో, అంత జనంలో, ఇంట్లో పీట మీద కూర్చున్నంత తీరిగ్గా. నేనూ ఒక గుప్పెడు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను. నాకొచ్చిన హిందీలో కబుర్లు కూడా మొదలుపెట్టాను. అరకిలో బఠానీ అయ్యేసరికి ఆవిడ, “దీదీ, మీరు ఎక్కడికి?” అని అడిగింది.

“వైశాలి.”

“హాయ్ రామ్! ఇది నోయిడా!”

పాపం ఆవిడ నాతోపాటు దిగి, ఎదురు ప్లాట్‌ఫారం దాకా వచ్చి, ఎదురు బండి ఎక్కించి, “యమునా బ్యాంక్‌లో దిగు, బండి ముందు రాసింది చదువు, తర్వాత ఎక్కు” అని మూడుసార్లు చెప్పింది. పద్దెనిమిదేళ్లలో నేను ఏ విద్యార్థికీ అంత స్పష్టంగా ఏదీ చెప్పలేదు.

వైశాలి స్టేషన్ బయట ఆటోవాడు “సాఠ్” అన్నాడు. సాఠ్ అంటే డెబ్బై అనుకున్నాను. ఊరుకుంటానా? పోట్లాడి, తల అడ్డంగా ఊపి, నాలుగడుగులు నడిచి వెనక్కి వచ్చి, “పైంసఠ్, అంతకు మించి ఒక్క రూపాయి ఇవ్వను” అన్నాను. ఆటోవాడు నా మొహం చాలాసేపు చూసి, “ఠీక్ హై మేడం జీ, మీరు అడిగారు కాబట్టి” అన్నాడు. అరవై నుంచి అరవై ఐదుకు బేరమాడానని ఇంటికెళ్లాక మాధవి కూతురు చెప్పింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. నవ్వు మాత్రం ఏ భాషా లేకుండా పది నిమిషాలు నవ్వింది.

ఆ సాయంత్రం మాధవి జొన్నరొట్టె, చెనిక్కాయలు నూరి ఊరుబిండి పచ్చడి చేసింది. మా జిల్లాలో చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, బస్తాల్లో చూస్తాం. ఇక్కడ తోపుడుబండి మీద గుట్టగా పోసి, పైన పొగలొచ్చే మట్టికుండ పెట్టి, కాగితం పొట్లంలో వంద గ్రాములు ముప్పై రూపాయలకు అమ్ముతున్నారు. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఆ పొట్లం పట్టుకుని నిలబడటంలో ఒక సుఖం ఉంది. మా ఊళ్లో పండించేవాళ్లకు ఆ సుఖం తెలియదు.

పెన్సిళ్ల గది

మర్నాడు పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే చోటికి వెళ్లాను. మా చరిత్రవాళ్లు దాన్ని ఆర్కైవ్స్ అంటారు. లోపలికి ఫోను, పెన్ను, సంచీ తీసుకుపోనివ్వరు. తెల్ల కాగితాలూ, పెన్సిలూ తప్ప. ఏదైనా కావాలంటే చేత్తో రాసుకోవాలి. గదిలో ఇరవైమంది తలలు వంచి రాస్తుంటే పెన్సిళ్ల గరగర తప్ప ఏమీ వినపడదు.

ఫైలు నంబరు రాసి చీటీ ఇచ్చాను. కౌంటర్లో కూర్చునే త్యాగీ జీకి నేను బాగా గుర్తు. “మేడం జీ, ఫిర్ వహీ ఫైల్?” అన్నాడు. మళ్లీ అదేనా అని. అదే. ఇదివరకు మూడుసార్లు వచ్చినా అదే. మధ్యాహ్నం చీటీ తిరిగొచ్చింది, మూల ఎర్రసిరాతో రెండు అక్షరాలు. ఆ ఫైలు మంత్రిత్వశాఖ నుంచి ఇక్కడికి ఇంకా రాలేదని దానర్థం. నాలుగోసారి కూడా రాలేదు.

త్యాగీ జీ జాలిపడి క్యాంటీనుకు తీసుకెళ్లాడు. రాజ్మా చావల్ తిన్నాం. అన్నంలో రాజ్మా గింజలు పోసుకుని, పచ్చి ఉల్లిపాయ నంజుకుని తినడం. మజ్జిగ అడిగితే ఉప్పూ జీలకర్రా వేసిన పెరుగునీళ్లు గ్లాసులో ఇచ్చారు. అన్నంలో కలుపుకున్నాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్చీలు కొంచెం అవతలికి జరుపుకున్నారు.

“ఆ ఫైల్లో అంత ఏముంది మేడం జీ?” అని అడిగాడు త్యాగీ జీ.

“నేను రాసింది నిజమని ఉంటుంది” అన్నాను. నిజంగానే అలా అన్నాను.

ధౌలా కువాన్

మూడో రోజు కాలేజీ సభ. అరవైమంది దాకా వచ్చారు. సగంమంది ఆ కాలేజీ పిల్లలు, సగంమంది సివిల్స్‌కు చదువుతూ అద్దె గదుల్లో ఉండేవాళ్లు. మాధవి సెలవు పెట్టి వచ్చింది. వెంట వాళ్ల కాలనీలో పక్క బ్లాకులో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడను తీసుకొచ్చింది. “ఆంటీ కూడా సెంట్రల్ గవర్నమెంటే మేడం, రిటైరైనారు. యాడికీ పోరు పాపం, చలిలో ఇంట్లోనే కూచుంటారు. అట్ల వస్తారని తోడుకొచ్చినా” అంది. తెల్లని చిన్న ముడి, గోధుమరంగు శాలువా, కాళ్లకు మేజోళ్ల మీద చెప్పులు. ముందువరసలో కూర్చుంది. ఈ కథనంలో ఆమె పేరు రాజ్యలక్ష్మి. అది అసలు పేరు కాదు. “మా పెద్దమ్మ పేరు పెట్టుకో, ఆవిడ ఏమీ అనుకోదు” అని ఆమే తర్వాత ఇచ్చింది.

నేను మాట్లాడటం మొదలుపెట్టాను. పావుగంటలో తొమ్మిది రోజుల దగ్గరకు వచ్చేశాను. అక్కడికి వస్తే నాకు గొంతు మారుతుందట, మా ఆయన అంటాడు. “ఆ తొమ్మిది రోజులూ మన బృందం ఒక్క అక్షరం మాట్లాడలేదు. ఎందుకు? ఎందుకంటే అవతలివాడి సహనాన్ని పరీక్షిస్తున్నారు! మాట్లాడకపోవడం కూడా ఒక మాటే!” అన్నాను. సివిల్స్ పిల్లలు గబగబా రాసుకుంటున్నారు. నాకు ఇంకా ఉత్సాహం వచ్చింది.

ప్రశ్నలున్నాయా అని అడిగితే రాజ్యలక్ష్మి గారు చెయ్యెత్తింది. ఎల్‌కేజీ పిల్లలా పూర్తిగా పైకెత్తింది.

“అమ్మా, నువ్వు చెప్పింది చాలా బావుంది. కానీ ఆ తొమ్మిది రోజులూ మేమేమీ పరీక్షలు పెట్టలేదమ్మా. నా టైపు మిషను పాడైంది.”

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు.

“ఆ బృందంలో స్టెనోగ్రాఫర్ని నేనే” అంది ఆవిడ. “ఒక్కటే మిషను. అక్షరాలకు సిరా అద్దే రిబ్బన్ పోయింది. కొత్తది ఢిల్లీ నుంచి రావాలి. అది లేక జవాబు టైపవలేదు. అంతేనమ్మా.”

ముందు ఒకళ్లు నవ్వారు. తర్వాత అందరూ. వెనక నుంచి ఒక సివిల్స్ అబ్బాయి లేచి, “మేడం, మరి పరీక్షలో వస్తే ఎత్తుగడ అని రాయాలా, రిబ్బన్ అని రాయాలా?” అని చాలా నిజాయితీగా అడిగాడు.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మైకు దగ్గరకు లాక్కుని, పెద్ద మేధావిలా, “మౌఖిక సాక్ష్యాన్ని చరిత్రకారులు జాగ్రత్తగా తీసుకోవాలి. వయసుతో జ్ఞాపకం మోసం చేస్తుంది” అన్నాను. ఆవిడ మొహంలోకి చూస్తూ అన్నాను. ఆవిడ చెయ్యి దించుకుంది. శాలువా భుజం మీదకు సర్దుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో మాధవి నా పక్కన కూర్చోలేదు. ఆవిడ పక్కన కూర్చుంది.

మూడో అంతస్తు

నాలుగో రోజు పొద్దున ఫ్లాస్కులో టీ పోస్తూ మాధవి, “మేడం, మీరు మాకు క్లాసులో అట్ల ఎప్పుడూ మాట్లాడలేదు” అంది. పదకొండింటికి నేను పక్క బ్లాకుకు బయలుదేరాను. క్షమాపణ చెప్పడానికని మాధవితో చెప్పాను. సంచీలో మాత్రం పద్దెనిమిది ప్రశ్నలు రాసుకున్న కాగితం పెట్టుకున్నాను. ఆవిడ చెప్పేది తప్పని ఒకటో రెండో ప్రశ్నల్లోనే తేలిపోతుందని నా ధైర్యం.

లిఫ్టు పనిచేయడం లేదు. మూడంతస్తులు ఎక్కి రొప్పుతూ నిలబడితే ఆవిడే తలుపు తీసింది.

“రామ్మా, రా. తలుపేసెయ్, చలి కొడుతోంది. మూలీ పరాఠా చేశాను, తింటావా?”

ముల్లంగి పరాఠాలో ఆవకాయ నంజుకుని తినడం నాకు అదే మొదలు. గోదావరి జిల్లా ఆవకాయ, ఘాజియాబాద్ ముల్లంగి. నేను రెండు తిని మూడోదానికి చెయ్యి చాపాక క్షమాపణ గుర్తొచ్చింది.

“ఆంటీ, నిన్న సభలో నేను అన్నది తప్పు. అంతమందిలో మీ జ్ఞాపకం గురించి అలా అనకుండా ఉండాల్సింది.”

“నువ్వన్నది నిజమేలే” అంది ఆవిడ. “నేను నిన్న చెప్పింది అబద్ధమే.”

నా లోపల ఒక్క క్షణం పండగయింది. తొమ్మిది రోజుల మేడం లేచి నిలబడింది.

“రిబ్బన్ పోలేదు” అంది. “నేనే దాచాను.”

పండగ అక్కడితో అయిపోయింది.

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. మధ్యలో పొయ్యి మీద పాలు చూసుకుంటూ, లేచి వస్తూ పోతూ చెప్పింది. అప్పుడు ఆవిడకు ఇరవై నాలుగేళ్లు. రాజమండ్రిలో టైపూ షార్ట్‌హ్యాండూ నేర్చుకుని, పరీక్ష రాసి, ఢిల్లీలో ఉద్యోగంలో చేరి రెండేళ్లు. సరిహద్దులో ఒక చిన్న కొండ ఊళ్లో చర్చలు. ఒక అతిథిగృహంలో బస. బృందానికి ఒకే టైపు మిషను. అవతలివాళ్ల లేఖ వచ్చిన సాయంత్రం పై అధికారి, ఆవిడ ఎప్పుడూ ‘మా సార్’ అనే ఆయన, కోపంతో గదిలో అటూ ఇటూ నడుస్తూ జవాబు చెప్పాడు. ఈవిడ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంది.

“ఏముంది అందులో?” అని అడిగాను.

“అది చెప్పను. వెళ్లని ఉత్తరం కదా. కానీ అది వెళ్తే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. పొద్దున్నకల్లా టైపు చేసి పెట్టు అన్నారు.”

“మరి మీరు…”

“మా నాన్న మా అన్నయ్యకి ఒక కార్డు రాశాడు” అంది ఆవిడ. “అన్నయ్య మద్రాసులో తనకు నచ్చిన అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడని కోపం. ఇక మా గడప తొక్కొద్దని రాశాడు. నేను అప్పుడు ఏడో క్లాసు. డబ్బాలో వేసి రమ్మని నా చేతికిచ్చాడు. కవరు కూడా కాదు, కార్డు. దారిలో చదివాను. చదివి కూడా వేసేశాను. మర్నాడు పొద్దున్నే నాన్న లేచి ‘వేశావా?’ అని అడిగాడు. వేశానన్నాను. ఆయన వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. వెయ్యలేదు అంటే బావుండునని ఆయన మొహంలో కనిపించింది. అన్నయ్య మళ్లీ ఇంటికి రాలేదమ్మా.”

పాలు పొంగాయి. ఆవిడ వెళ్లి దించి వచ్చింది.

“సార్ చెప్తుంటే నా చేతికి ఆ కార్డే గుర్తొచ్చింది. రిబ్బన్ తీసేసి మా అమ్మ పంపిన కారప్పొడి డబ్బాలో దాచాను. కారప్పొడి జోలికి ఆ ఢిల్లీ ఆఫీసర్లెవరూ రారు కదా. పొద్దున్న ‘రిబ్బన్ పాడైంది సార్, ముక్కలైపోతే పారేశాను’ అన్నాను. చేత్తో రాసి పంపితే వాళ్ల ముందు చులకనైపోతామని సార్ పట్టుదల. కొత్తది ఢిల్లీ నుంచి రావాలి. ఆయన రోజూ పొద్దున్న వచ్చి వచ్చిందా అని అడిగేవారు, లేదు సార్ అనేదాన్ని. ఆరో రోజో ఏడో రోజో అవతలివాళ్లు ఒక బుట్టెడు నారింజపళ్లు పంపారు. మాట్లాడకపోయేసరికి వాళ్లకీ భయం వేసినట్టుంది. సార్ పండు ఒలుచుకు తింటూ కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. తొమ్మిదో రోజు మంచు పడి రోడ్డు మూసేశారు. ఢిల్లీ నుంచి ఏమీ రాలేదు, రాలేదని అందరికీ తెలుసు. ఆయన వచ్చి అదే మాట అడిగారు. ‘రిబ్బన్ వచ్చిందా?’ ఏమనుకున్నానో ఏమో, ‘వచ్చింది సార్’ అన్నాను.”

“అప్పుడు?”

“రోడ్డు వైపు చూశారు. నా వైపు చూశారు. కుర్చీ లాక్కుని కూర్చుని, కొత్త జవాబు చెప్పారు. నువ్వు సభలో చదివావే, ఆ జవాబు. టైపు చేస్తుంటే కాగితం మీంచి కారం ఘాటు. ఆయన రెండుసార్లు తుమ్మారు.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“నేను కావాలనే దాచానని ఆయనకి ఎప్పుడు తెలిసిందో, అసలు తెలిసిందో లేదో నాకు ఇవాళ్టికీ తెలీదమ్మా. ఢిల్లీ వచ్చాక ఏడాది పాటు మెమో వస్తుందని రోజూ వణికాను. దేశం పని అడ్డుకున్నానంటే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు కదా. ఆయనతో ఇంకో ఆరేళ్లు పనిచేశాను. ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను చేసింది ఆయనకు ద్రోహమో, సాయమో…” అని ఆపేసింది.

సంచీలో నా పద్దెనిమిది ప్రశ్నలూ అలాగే ఉన్నాయి. నా సిద్ధాంతంలో తప్పంతా ఒకటే. మౌనం పనిచేసింది. అది ఎవరిదన్నదే నేను తప్పు రాశాను. మహా మేధావులదనుకున్నాను, ఇరవై నాలుగేళ్ల పిల్లది.

లేస్తూ, ఆ ఫైలు నాలుగుసార్లు అడిగినా రాలేదని చెప్పాను. ఆవిడ తేలిగ్గా నవ్వింది. “నువ్వు పెద్ద పెద్ద ఫైళ్లు అడుగుతుంటావు. ఆ క్యాంపు ఆఫీసు స్టేషనరీ ఫైలు అడిగి చూడు. పెన్సిళ్లు, కార్బన్ కాగితాలు, రిబ్బన్లు. దానికోసం ఎవరూ రారు, అందుకే ఉంటుంది.”

స్టేషనరీ ఫైలు

అయిదో రోజు చీటీ రాసిస్తే త్యాగీ జీ రెండుసార్లు చదివాడు. “స్టేషనరీ? మేడం జీ, మీకు ఆరోగ్యం బాగుందా?” అన్నాడు. అరగంటలో ఫైలు వచ్చింది. పద్దెనిమిదేళ్లలో నాకు అంత తొందరగా వచ్చిన ఫైలు ఇంకోటి లేదు.

దుమ్ము దులిపి విప్పాను. సగం కాగితాలు సిరాబుడ్ల గురించి. ఒక కుర్చీ కాలు విరిగితే దానిమీద ఏడు ఉత్తరాలు. ఇలాంటి ఫైళ్లను నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. వీటిలో చరిత్ర ఉండదని పిల్లలకు చెప్పాను కూడా. మధ్యలో ఒక పలుచని కాగితం, చేత్తో రాసింది. ఆ కొండ ఊరి నుంచి ఢిల్లీ ఆఫీసుకు. రాసింది రాజ్యలక్ష్మి గారి సార్. వేరే ఫైళ్లలో చూసి ఆయన చేతిరాత నాకు తెలుసు. ఇంగ్లిషులో ఉంది. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

“టైపు మిషను రిబ్బన్ నా అజాగ్రత్త వల్ల పాడైంది. కొత్తది పంపవలసింది. తొందర లేదు. ఈలోపు జవాబు ఆలస్యమైతే దానికి బాధ్యత పూర్తిగా నాది. స్టెనోగ్రాఫర్‌కు ఇందులో ఏ సంబంధమూ లేదు.”

కింద పొట్టి సంతకం. తేదీ చూశాను. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. అవతలివాళ్ల లేఖ వచ్చిన మర్నాడే రాశాడు. తొమ్మిదింటిలో మొదటి రోజు.

గదిలో నేను ఏదో శబ్దం చేసి ఉంటాను. పక్కబల్ల అమ్మాయి తలెత్తి చూసింది.

ఆయనకు మొదటి రోజే తెలుసని ఇది రుజువు చేస్తుందా? మా పద్ధతుల ప్రకారం చేయదు. నిజంగానే రిబ్బన్ పోయిందనుకుని, చిన్న ఉద్యోగిని మాట పడకూడదని రాసి ఉండవచ్చు. కానీ ‘తొందర లేదు’ అన్న మాట ఉంది. నేను ఆ రెండు పదాల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. తర్వాత పెన్సిలుతో మొత్తం నకలు రాసుకున్నాను. అక్షరం పోకుండా, గీతలు కూడా. ఆ పొట్టి సంతకాన్ని పిల్లలు బొమ్మ వేసినట్టు వేశాను.

పుస్తకం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఊరికొచ్చిన వారంలో ప్రచురణవాళ్లకు ఫోన్ చేసి ఆపమన్నాను. “మేడం, ప్రూఫులు కూడా అయిపోయాయి, చిన్న తప్పయితే చివర ఒక సవరణ వేద్దాం” అన్నారు. చిన్న తప్పు కాదు, పుస్తకమంతా అదేనని చెప్పాను. ఇంటర్వ్యూకి పుస్తకం లేకుండానే వెళ్లాను. ప్రొఫెసర్ కాలేదు. క్లాసులో పిల్లలకు మాత్రం చెప్పేశాను, నేను ఇన్నాళ్లూ చెప్పింది తప్పని. ఎక్కువగా బాధపడ్డట్టు కనిపించలేదు. పాత నోట్సు కొనుక్కున్నవాళ్లు కొంచెం గొణిగారు.

వైశాలి, చివరి మధ్యాహ్నం

ఆరో రోజు సాయంత్రం రైలు. మధ్యాహ్నం మళ్లీ మూడంతస్తులు ఎక్కాను. ఆవిడ ఎండ పడేచోట, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని క్యారెట్లు తురుముతోంది. ఢిల్లీలో చలికాలంలో ఎర్రటి క్యారెట్లు వస్తాయి, హల్వాకు.

“స్టేషనరీ ఫైలు దొరికింది ఆంటీ” అన్నాను.

“చెప్పానా!”

నకలు తీసి ఆవిడ చేతికిచ్చాను. చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. చదివి, మళ్లీ మొదటికి వెళ్లింది. క్యారెట్ తురుము ఉన్న గిన్నె మీద ఒక ఈగ వాలితే నేనే తోలాను.

“ఇది ఏ రోజు?”

“మొదటి రోజు. మీరు రిబ్బన్ పాడైందని చెప్పిన పొద్దున్నే.”

“సంతకం ఇలాగే ఉందా? నువ్వు చక్కగా రాశావా?”

“చూసింది చూసినట్టు వేశాను.”

“చివరి అక్షరం తోక పైకి లాగేవారు” అంది. “అవును. ఇలాగే.” వేలితో ఆ తోక మీద గీసింది.

ఇది కచ్చితమైన రుజువు కాదని, ఆయన మామూలుగానే రాసి ఉండవచ్చని చెప్పడానికి నోరు తెరిచాను. మా వృత్తిలో అలా చెప్పాలి. ఆవిడ మొహం చూసి మూసుకున్నాను. పద్దెనిమిదేళ్ల దౌత్య చరిత్రలో నేను చేసిన దౌత్యం ఏదైనా ఉంటే, ఆ ఒక్కటే.

“రోజూ పొద్దున్నే వచ్చి అడిగేవారు కదా” అంది ఆవిడ, నాతో కాదు. “రిబ్బన్ వచ్చిందా అని. రోజూ.”

కాసేపటికి, “పెన్సిల్ ఉందా?” అని అడిగింది. ఇచ్చాను. ఆవిడ కాగితం వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని రాసింది. వంకర గీతలు, చుక్కలు, కొక్కేలు. షార్ట్‌హ్యాండ్. డెబ్బై ఆరేళ్ల చెయ్యి ఎక్కడా ఆగలేదు. నాలుగు వరసలు రాసి, కింద తన పొట్టి సంతకం పెట్టింది.

“ఏం రాశారు ఆంటీ?”

“సార్‌కి” అంది.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, శాలువా కిందకు, జాకెట్లోకి దోపుకుంది. అది నా దగ్గరున్న ఒకే ఒక్క నకలు. ఫైలు నంబరు, పుట నంబరు, తేదీ, అన్నీ దానిమీదే ఉన్నాయి. అది లేకుండా ఈ సంగతి ఎక్కడా పాదసూచిక పెట్టి రాయలేను.

ఆవిడ మళ్లీ క్యారెట్ అందుకుంది. నేను వెళ్లొస్తానని చెప్పి, మెట్లు దిగాను.